హాలోవీన్‌లో మిగిలిన క్యాండీతో పిల్లల చేత ఏ సైన్స్ ప్రయోగాలు చేయించవచ్చు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. డాలస్‌లో ఉంటారు, ఏడేళ్ల బాబు, పదేళ్ల పాప. హాలోవీన్ నాడు ఇల్లిల్లూ తిరిగి చెరో దిండు గలీబు నిండా క్యాండీ తెచ్చుకున్నారు. పారేయడానికి మనసొప్పదు, అంతా తిననివ్వడానికి ధైర్యం చాలదు. శాకాహారులు కాబట్టి గమ్మీ బేర్స్ (ఎలుగుబంటి ఆకారంలో సాగే క్యాండీ) ఎలాగూ ముట్టరు. ఇంట్లో ఉన్న సామాన్లతో వీటి మీద ఏమైనా ప్రయోగాలు చేయించవచ్చా, పాప స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి అందులో ఏదైనా పనికొస్తుందా, వైజాగ్‌లో ఉన్న మేనకోడలు కూడా వీడియో కాల్‌లో కలిసి చేయగలదా అని.

భేషుగ్గా చేయించవచ్చండి. మూడింటికే ఓపిక ఉంటే ఈ మూడూ చేయండి: ప్లేటులో స్కిటిల్స్, పుల్లటి క్యాండీ మీద వంట సోడా, రాత్రంతా నానబెట్టిన గమ్మీ బేర్స్. మొదటి రెండూ మీ బాబుకి నచ్చుతాయి. మూడోది పాపకి. సైన్స్ ఫెయిర్‌కి కూడా నేను దాన్నే చెబుతాను. ఇంకా ఉత్సాహం మిగిలితే కాఫీ ఫిల్టర్‌తో రంగులు విడదీయడం, చీకట్లో మెరిసే లైఫ్ సేవర్స్, మైక్రోవేవ్‌లో చాక్లెట్ ఉన్నాయి.

నేను నార్త్ కరోలినాలో మిడిల్ స్కూల్ పిల్లలకి సైన్స్ చెబుతాను. నవంబరు మొదటి వారం వచ్చిందంటే మా క్లాసులో లాబ్ సామానంతా క్యాండీయే. పిల్లలకి ఇష్టమని మాత్రమే కాదు. ఫ్యాక్టరీలో తయారైన క్యాండీలో ఒకే రకానివి ఏ రెండు తీసుకున్నా సైజు, బరువు, లోపలి చక్కెర దాదాపు ఒకటే. ఆకులతోనో గింజలతోనో ఆ సుఖం ఉండదు. ప్రయోగానికి కావాల్సింది కూడా అదే కదా. ఒకేలా ఉన్న రెండింటిని తీసుకుని, ఒకదానికి ఒక మార్పు చేసి, రెండోదాన్ని అలాగే ఉంచి, తేడా చూడటం. అలాంటివి వందల కొద్దీ మీ ఇంట్లో ఫ్రీగా పడి ఉన్నాయి.

వీడియోల్లో చూపించేది చాలావరకు తమాషా. నీళ్లు పోస్తారు, రంగులొస్తాయి, వావ్ అంటారు, అయిపోతుంది. దాన్ని ప్రయోగంగా మార్చాలంటే రెండు పనులు చేయండి. నీళ్లు పోసే ముందే ఏం జరుగుతుందో పిల్లల్ని ఊహించమని, ఆ మాట కాగితం మీద రాయించండి. ఆ తర్వాత ఒకసారికి ఒక్కటే మార్చండి. నీళ్ల వేడీ మార్చి, క్యాండీ కూడా మార్చేస్తే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. ఊహ తప్పయితే పిల్లలు మొహం చిన్నబుచ్చుకుంటారు. మా క్లాసులో నేను తప్పు ఊహ రాసినవాళ్లనే ముందు మాట్లాడమంటాను, ఎందుకలా అనుకున్నారో చెప్పమని. అసలు చర్చ అక్కడే మొదలవుతుంది.

మొదలుపెట్టే ముందు తినడానికి ఉంచుకునేవి వేరే తీసి దాచేయండి. మిగతావి నేల మీద పోసి పాప చేత వేరు చేయించండి. పైన గట్టి చక్కెర పెంకు ఉన్నవి ఒక కుప్ప, పుల్లవి ఒకటి, సాగేవి ఒకటి, చాక్లెట్లు ఒకటి. రేపర్ మీద పదార్థాల జాబితా తనే చదవాలి. ఈ పనికే ఒక గంట పడుతుంది, ఆ గంట వృథా కాదు.

స్కిటిల్స్

తెల్లటి ప్లేటు అంచు వెంట స్కిటిల్స్‌ని వరసగా పేర్చండి. గోరువెచ్చని నీళ్లు ప్లేటు మధ్యలో మెల్లగా పోయండి. క్యాండీ సగం మునిగితే చాలు. ఇక ప్లేటు కదపకూడదు. నిమిషం లోపే ప్రతి స్కిటిల్ నుంచీ ఒక రంగు పాయ మధ్యలోకి పాకుతుంది. వింతేమిటంటే పక్కపక్కనే ఉన్న ఎరుపు, పసుపు కలిసిపోవు. మధ్యలో గీత గీసినట్టు ఆగిపోతాయి.

"ఎందుకు కలవట్లేదు?" అని మీ బాబు అడుగుతాడు. స్కిటిల్ పైనున్నది చక్కెర, రంగు కలిపి వేసిన పూత. అది కరిగితే వచ్చే చక్కెర నీరు మామూలు నీటికన్నా సాంద్రత ఎక్కువ ఉన్నది కాబట్టి ప్లేటు అడుగు వెంటే జారుతూ, చక్కెర లేని మధ్య భాగానికి పోతుంది. పక్క స్కిటిల్ నుంచి వచ్చే పాయలోనూ ఇంచుమించు అంతే చక్కెర ఉంటుంది. సాంద్రత సమానమైనప్పుడు ఒకటి రెండోదాని కిందికి దూరిపోదు. రెండూ ఎదురెదురుగా ఆగుతాయి. ఎప్పటికీ కలవవని కాదు. అలా వదిలేస్తే కాసేపటికి గీతలు చెదిరి, చివరికి అంతా మట్టిరంగు నీళ్లవుతాయి. రంగుల మధ్య మైనం పొర అడ్డుపడుతుందని అక్కడక్కడా రాస్తుంటారు, నమ్మకండి. స్పూన్‌తో ఒక్కసారి కలిపి చూడండి, అడ్డం ఏదీ లేదని తెలుస్తుంది.

తమాషా ఇక్కడితో అయింది. ఇప్పుడు ప్రయోగం. అలాంటివే మూడు ప్లేట్లు పెట్టండి. ఒకదాంట్లో ఫ్రిజ్ నీళ్లు, ఒకదాంట్లో గోరువెచ్చనివి, మూడోదాంట్లో ముందే బాగా చక్కెర కరిగించిన గోరువెచ్చని నీళ్లు. మూడూ ఒకేసారి మొదలుపెట్టి, రంగు మధ్యకి చేరడానికి ఎంతసేపు పట్టిందో ఫోన్‌లో టైమ్ చూడమనండి. చల్లటి నీళ్లలో ఆలస్యమవుతుందని పిల్లలు సరిగ్గానే ఊహిస్తారు. చక్కెర నీళ్ల దగ్గరే అందరూ ఆగిపోతారు. అక్కడ రంగు బద్ధకంగా కదులుతుంది. ఎందుకో పై పేరాలో ఉంది గానీ వెంటనే చెప్పేయకండి.

ఇంకొకటి. నీళ్లు పోసిన కాసేపటికి స్కిటిల్ మీదున్న తెల్లటి 'ఎస్' అక్షరం ఊడి, పొరలాగా పైకి తేలుతుంది. ఆ అక్షరం అచ్చు వేసిన ఇంక్ తినదగ్గదే, కానీ నీళ్లలో కరగదు. ఎం అండ్ ఎమ్స్‌ని (చక్కెర పెంకు ఉన్న చాక్లెట్ బిళ్లల్ని) అక్షరం పైకి ఉండేలా గోరువెచ్చని నీళ్లలో వేసినా 'ఎమ్' అలాగే లేచి తేలుతుంది. మా ఆరో తరగతి పిల్లలు రంగుల్ని మరచిపోయి దీన్నే చూస్తూ కూర్చుంటారు.

పుల్లవి ఎంత పుల్లన?

సోర్ ప్యాచ్ కిడ్స్, వార్‌హెడ్స్, స్వీటార్ట్స్, ఎం అండ్ ఎమ్స్ ఒక్కో రకం ఒక్కో గ్లాసులో కొద్ది గోరువెచ్చని నీళ్లలో కరిగించండి. నీళ్లు అన్నిట్లో సమానంగా ఉండాలి. మరో గ్లాసులో చింతపండు రసం పెట్టండి. అన్నిట్లో ఒక్కో చెంచా వంట సోడా వేస్తే ఆమ్లం ఉన్న గ్లాసుల్లో కార్బన్ డయాక్సైడ్ బుడగలు పొంగుతాయి. ఎం అండ్ ఎమ్స్ గ్లాసు కిమ్మనకుండా ఉంటుంది. ఏ గ్లాసు ఎక్కువ పొంగుతుందో ముందే వరసలో రాయించడం మరచిపోకండి.

లేబుళ్లు ఇప్పుడు మళ్లీ చదివించండి. సోర్ ప్యాచ్ కిడ్స్ మీద టార్టారిక్, సిట్రిక్ ఆమ్లాల పేర్లుంటాయి, వార్‌హెడ్స్ మీద మాలిక్ ఆమ్లం. సిట్రిక్ నిమ్మకాయలో ఉండేది, మాలిక్ ఆపిల్‌లో ఉండేది. టార్టారిక్ అంటే మన చింతపండు పులుపే. అమెరికాలో పుట్టిన పిల్లలకి ఈ సంగతి చెప్పినప్పుడు మొహాలు చూడాలి.

దీనికి మన వంటింటి హంగు ఇంకోటి ఉంది. చిటికెడు పసుపు నీళ్లలో కలిపి వంట సోడా వేయండి. పసుపు రంగు ఎర్రబారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది కూడా ఇందుకే. పసుపులో ఉండే కుర్కుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది. సున్నమంత గాఢత వంట సోడాకి లేదు కాబట్టి ఇది నారింజ ఎరుపు దగ్గర ఆగుతుంది. ఇప్పుడు అందులో వార్‌హెడ్ కరిగించిన నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పోతే నురగ వస్తూ, రంగు మళ్లీ పసుపు అవుతుంది. ఎన్ని చెంచాలకి మారిందో లెక్కపెడితే ఏ క్యాండీ ఎంత పుల్లనో అంకెల్లో వచ్చేస్తుంది. నాలుక మీద పుల్లగా తోచిన వరసా, ఈ వరసా ఒకటేనా అని పాప పోల్చి చూడొచ్చు. పసుపు మరక మాత్రం మీకు తెలిసిందే, పాత బట్టలు వేయండి.

గమ్మీ బేర్స్, సైన్స్ ఫెయిర్

మీరు వీటిని ముట్టకపోవడానికి కారణం జెలటిన్. జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే ప్రోటీన్ అది. ప్రయోగానికి సరిగ్గా అదే పనికొస్తుంది. పొడవాటి ప్రోటీన్ పోగులు ఒకదానిలో ఒకటి అల్లుకుని, మధ్య ఖాళీల్లో నీటిని పట్టి ఉంచుతాయి. గమ్మీ బేర్‌లో నీళ్లు తక్కువ, చక్కెర ఎక్కువ. దాన్ని మంచినీళ్లలో వేస్తే బయటి నీరు లోపలికి వెళుతుంది, అల్లిక సాగి చోటిస్తుంది. పొద్దున లేచేసరికి ఎలుగుబంటి రెట్టింపు పొడవైనట్టు ఉబ్బి, అద్దంలా మెరుస్తూ ఉంటుంది. ముట్టుకుంటే విరిగేంత మెత్తగా అవుతుంది కాబట్టి చేత్తో కాక చిల్లుల గరిటెతో తీయాలి.

ఉప్పు నీళ్లలో వేస్తే అంత ఉబ్బదు. ఉప్పు బాగా ఎక్కువైతే ఉబ్బడమే చాలా తక్కువ. వెనిగర్‌లో అయితే ఉబ్బుతూనే మెత్తబడి చెదిరిపోతుంది.

పాప ఫెయిర్‌కి నేను సూచించే ప్రశ్న ఇదీ: నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ గమ్మీ బేర్ ఉబ్బడం ఎంత తగ్గుతుంది? నాలుగు కప్పుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లో ఉప్పు వేయకుండా, మిగతావాటిలో ఒకటి, రెండు, నాలుగు టీస్పూన్లు కరిగించండి. ప్రతి కప్పులో మూడేసి బేర్స్, అన్నీ ఒకే రంగువి. మూడెందుకంటే ఒకటి విరిగినా, ఒకటి తేడాగా వచ్చినా సగటు తీయొచ్చు. వేసే ముందు, 12 గంటల తర్వాత వంటింటి తూకం మీద గ్రాముల్లో బరువు చూడాలి. పొడవు కూడా స్కేలుతో కొలవొచ్చు గానీ, ఉబ్బిన బేర్ వంకరపోతుంది, బరువే నమ్మకం. తూచే ముందు పేపర్ టవల్ మీద మెత్తగా అద్దాలి. లేకపోతే అంటుకున్న నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. ఉప్పు అడ్డంగా, బరువు పెరుగుదల నిలువుగా పెట్టి గ్రాఫ్ గీస్తే బోర్డు సగం నిండినట్టే.

జడ్జిలు అడిగే ప్రశ్నలు నాకు తెలుసు, నేనూ ఆ పక్కన కూర్చుంటాను కనుక. "ఎందుకు మూడేసి వేశావు?", "ఏది మార్చావు, ఏది మార్చలేదు?" ఈ రెండింటికీ పాప సొంత మాటల్లో జవాబు చెబితే చాలు. రంగురంగుల బోర్డు అమ్మా నాన్నా చేశారని దూరం నుంచే తెలిసిపోతుంది.

జెలటిన్ విషయంలో మీ ఇంటికి పనికొచ్చే మాట ఒకటి. అమెరికాలో అమ్మే స్టార్‌బర్స్ట్‌లోనూ, మార్ష్‌మాలోస్‌లోనూ, సాధారణంగా దొరికే క్యాండీ కార్న్‌లోనూ జెలటిన్ ఉంటుంది. స్వీడిష్ ఫిష్, సోర్ ప్యాచ్ కిడ్స్ సాగినట్టే ఉంటాయి గానీ వాటిలో ఉండేది మొక్కజొన్న స్టార్చ్. కంపెనీలు తయారీ మారుస్తుంటాయి, లేబుల్ చూసుకోండి. గమ్మీ బేర్‌నీ స్వీడిష్ ఫిష్‌నీ ఒకే వేడి నీళ్లలో వేసి ఏది ముందు రూపం కోల్పోతుందో పాపని చూడమనండి. జెలటిన్ 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలెడుతుంది, అంటే మన నోటి వేడి చాలు.

రంగులు విడదీయడం

ఇది పాపకే, బాబు మధ్యలో లేచిపోతాడు. అల్యూమినియం ఫాయిల్ మీద నీటి చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కలో ఒక ఎం అండ్ ఎమ్ ఉంచండి. రంగు దిగాక క్యాండీ తీసేయండి. కాఫీ ఫిల్టర్‌ని పొడవు ముక్కలుగా కత్తిరించి, కింది అంచుకి కొంచెం పైన పెన్సిల్‌తో గీత గీయండి. పెన్నుతో వద్దు, దాని ఇంకే పైకి పాకుతుంది. గీత మీద టూత్‌పిక్‌తో రంగు చుక్క పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ అక్కడే ఇంకో చుక్క, ఇలా మూడు నాలుగు సార్లు. తర్వాత చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లలో కింది అంచు మాత్రమే తగిలేలా నిలబెట్టండి. చుక్క మునిగితే రంగు నీళ్లలోకే పోతుంది.

నీరు పైకి పాకుతూ రంగుల్ని మోసుకుపోతుంది. కాగితానికి గట్టిగా అతుక్కునే రంగు వెనకబడుతుంది, నీటిని ఇష్టపడేది ముందుకు పోతుంది. బ్రౌన్ ఎం అండ్ ఎమ్ ఒక్క రంగు కాదని అప్పుడు బయటపడుతుంది. ప్యాకెట్ మీద రెడ్ 40, ఎల్లో 5, బ్లూ 1 లాంటి పేర్లుంటే, కాగితం మీద కనిపించేవి అవేనా అని సరిచూడమనండి.

చీకట్లో మెరుపు

వింట్-ఓ-గ్రీన్ లైఫ్ సేవర్స్ అనే గట్టి క్యాండీ బిళ్లలు గలీబులో దొరక్కపోవచ్చు, ఒక ప్యాకెట్ కొనండి. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి ఈ నెలలో పిల్లలు పడుకోక ముందే చీకటి పడుతుంది. కిటికీ లేని బాత్రూమ్‌లో లైటు ఆర్పి, కళ్లు అలవాటు పడేదాకా ఓ పది నిమిషాలు కూర్చోండి. క్యాండీని జిప్‌లాక్ సంచిలో పెట్టి పెద్దవాళ్లు పటకారుతో పుటుక్కున విరిస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. చక్కెర స్ఫటికం విరిగినప్పుడు విద్యుదావేశాలు విడిపోయి, గాలిలోని నైట్రోజన్ అతినీలలోహిత కాంతి ఇస్తుంది. అది మన కంటికి ఆనదు. క్యాండీలోని వింటర్‌గ్రీన్ నూనె, అంటే మిథైల్ శాలిసిలేట్, దాన్ని పీల్చుకుని నీలి కాంతిగా తిరిగి ఇస్తుంది. బెన్‌గే లాంటి నొప్పుల బామ్‌లలో వచ్చే వాసన దానిదే. ఫోన్‌తో వీడియో తీయాలని చూడకండి, స్క్రీన్ వెలుతురుకి కళ్లు మళ్లీ మొదటికొస్తాయి.

మైక్రోవేవ్ చాక్లెట్

గుండ్రంగా తిరిగే గాజు ప్లేటు తీసేసి, మామూలు ప్లేటు మీద రేపర్ విప్పిన చాక్లెట్ బార్లు పక్కపక్కన పరిచి, 15 సెకన్ల చొప్పున వేడి చేయండి. ఒకటి రెండు చోట్ల కరగడం మొదలవగానే ఆపేయండి. కరిగిన చోట్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు రావాలి. అది మైక్రోవేవ్ తరంగం పొడవులో, అంటే తరంగదైర్ఘ్యంలో సగం. రెట్టింపు చేస్తే 12 సెంటీమీటర్లు, అంటే 0.12 మీటర్లు. మైక్రోవేవ్ వెనక రాసి ఉండే 2450 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 245 కోట్ల తరంగాలు. ఈ రెండూ గుణిస్తే తరంగం వేగం వస్తుంది, సెకనుకి 29.4 కోట్ల మీటర్లు. మైక్రోవేవ్‌లు కూడా కాంతి వేగంతోనే పోతాయి. కాంతి వేగం 29,97,92,458 మీటర్లు. కొలత కొంచెం అటూ ఇటూ అవుతుంది, కరిగిన మచ్చలు గుండ్రంగా రావు. అయినా హెర్షీస్ బార్‌తో కాంతి వేగం దగ్గరికి వెళ్లామంటే పదేళ్ల పిల్లకి గర్వమే.

మిగతావి టూకీగా. త్రీ మస్కిటీర్స్ నీళ్లలో తేలుతుంది, స్నికర్స్ మునుగుతుంది. అడ్డంగా కోసి చూపిస్తే లోపలి గాలి బుడగలే కారణం చెబుతాయి. నోట్లో వేస్తే చిటపటలాడే పాప్ రాక్స్‌ని 1956లో జనరల్ ఫుడ్స్ రసాయన శాస్త్రవేత్త విలియం మిచెల్ కనిపెట్టారు. కరిగిన చక్కెరలోకి చదరపు అంగుళానికి 600 పౌండ్ల ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి గడ్డకట్టిస్తారు. వాటిని నీళ్లలో ఒకసారి, నూనెలో ఒకసారి వేసి చెవి దగ్గర పెట్టుకోమనండి. నూనెలో చక్కెర కరగదు కాబట్టి అక్కడ చప్పుడు రాదు.

నేను వద్దనేవి. గట్టి క్యాండీని స్టవ్ మీద కరిగించడం పిల్లలతో వద్దు, వేడి చక్కెర పాకం చర్మానికి అంటుకుని వదలదు. మెంటోస్, డైట్ కోక్ ఫౌంటెన్ పెరట్లోనే. "చూశావా, నీ కడుపులో కూడా ఇలాగే అవుతుంది" అని భయపెట్టడానికి వీటిని వాడకండి, ఒకసారి పాఠంలా మారిందంటే పిల్లలు మళ్లీ దగ్గరికి రారు. ఇంట్లో కుక్క ఉంటే చాక్లెట్ దానికి అందకూడదు, అందులోని థియోబ్రోమిన్ వాటికి విషం. వేరుశెనగ అలర్జీ ఉన్న పిల్లలు ఆడుకోవడానికి వస్తే స్నికర్స్, రీసెస్ కుప్ప ముందే తీసేయండి. ప్రయోగంలో వాడినవి ఎవరూ తినకూడదు. పనంతా అంచున్న పాత బేకింగ్ ట్రేలో చేయించండి, ఎర్ర రంగు కార్పెట్‌కి పట్టిందంటే వదలడం కష్టం.

మేనకోడలి సంగతి. వైజాగ్‌లో ఎం అండ్ ఎమ్స్ కోసం వెతకనక్కర్లేదు, కిరాణా కొట్లో దొరికే జెమ్స్ చాలు. ప్లేటు ప్రయోగానికీ, కాఫీ ఫిల్టర్ ప్రయోగానికీ రెండింటికీ పనిచేస్తాయి. ఫిల్టర్ పేపర్ లేకపోతే తెల్లటి టిష్యూ పేపరు మడత పెట్టి వాడమనండి. రంగులు అమెరికావి, ఇండియావి ఒకటే కానక్కర్లేదు. ఇద్దరూ తమ తమ ప్యాకెట్ల మీది పేర్లు ఒకరికొకరు చదివి, కాగితాలు కెమెరాకి చూపించి పోల్చుకుంటే అదే ఒక ప్రయోగం. పుల్లటి క్యాండీకి బదులు ఆ పిల్ల చింతపండు, నిమ్మకాయ, మామిడికాయతో చేస్తుంది. గడియారాలు మారాక మీకు శనివారం రాత్రి 8 గంటలంటే వాళ్లకి ఆదివారం ఉదయం 7:30. గమ్మీలు ఆ కాల్ మొదట్లోనే నానబెట్టేయండి, పొద్దున్నే తూకం వేయొచ్చు.